ఆస్పరాగస్: మడిలో మూడేళ్లు, మూకుట్లో నాలుగు నిమిషాలు

సొంతిల్లు కొని పెరట్లో గోంగూర, బెండ వేసుకునే న్యూజెర్సీ తెలుగువాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: కంచె వారన ఒక మడి ఆస్పరాగస్‌కి వదలండి, నేలలోంచి లేచే దీని లేత కాడలే కూర. గోంగూర తొలి మంచుకే పోతుంది. ఇది ఒకసారి కుదురుకుంటే పదిహేనేళ్ల పైమాటే. అద్దె ఇల్లయితే మాత్రం వద్దు, తినేది తర్వాత దిగినవాళ్లు.

విత్తనాల జోలికి పోకండి, ఇంకో ఏడాది ఆలస్యం. వసంతంలో నర్సరీల్లో ఏడాది వయసున్న వేళ్ల గుత్తులు అమ్ముతారు, క్రౌన్లు అని అడగాలి. ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ తయారుచేసిన జెర్సీ నైట్, జెర్సీ సుప్రీమ్ రకాలు తీసుకోండి. అవి దాదాపు అన్నీ మగ మొక్కలే. ఆడ మొక్కలైతే ఎర్రటి కాయలకే బలమంతా పెట్టేస్తాయి, ఆ గింజలు రాలి మడి నిండా మొలుస్తాయి. ఆ కాయలు తినకూడదు, చిన్నపిల్లలుంటే జాగ్రత్త.

ఎండ బాగా తగిలి, నీళ్లు నిలవని చోటు కావాలి. మట్టి పీహెచ్ (పులుపుదనం కొలత) 6.5 నుంచి 7 మధ్య ఉండాలి, తక్కువుంటే సున్నం కలపండి. ఏప్రిల్‌లో 6 నుంచి 8 అంగుళాల లోతు కాలువ తవ్వి, కంపోస్టు వేసి, మధ్యలో సన్నగా గట్టు కట్టండి. క్రౌన్ చూడ్డానికి పెద్ద సాలీడులా ఉంటుంది: నడుమ మొగ్గలు, చుట్టూ లావాటి వేళ్లు. పిల్లిపీచర (శతావరి) తవ్వినవాళ్లు చూడగానే దీని చుట్టరికం పోల్చేస్తారు. మొగ్గలు పైకి, వేళ్లు గట్టుకి రెండు పక్కలా జారేలా, అడుగున్నర ఎడంగా కూర్చోబెట్టండి. ముందు రెండంగుళాల మట్టే కప్పాలి. మొలకలు లేచేకొద్దీ మిగతాది నింపుతూ రండి.

మొదటి ఏడు ఒక్క కాడ కూడా తెంపొద్దు. రెండో ఏడు రెండు వారాలు, మూడో ఏడు నాలుగైదు వారాలు కోసి ఆపేయాలి. కాడలు పెన్సిల్ కన్నా సన్నబడ్డాయంటే వేళ్లు అలిసిపోయినట్టే. ఆపాక అవి నడుమెత్తు పైకి పెరిగి, మెత్తటి ఈకల్లాంటి ఆకు తొడుగుతాయి. వచ్చే ఏటి పంటకి వేళ్లలో తిండి దాచేది ఆ ఆకే. మా అత్తగారు వేసవిలో వచ్చినప్పుడల్లా "ఏమ్మా, ఈ పిచ్చిమొక్కలు పీకెయ్యమంటావా?" అని అడుగుతారు. పీకనివ్వకండి. మంచుకి పూర్తిగా ఎండాకే నరకాలి. కాడల మీద నల్లటి గుడ్లు నిటారుగా అంటుకుని కనిపిస్తే పెంకు పురుగు పెట్టినవి, గుడ్డతో తుడిచెయ్యండి.

కొస బిగుతుగా ఉండగానే, ఏడెనిమిది అంగుళాల దగ్గర కొయ్యాలి. మే నెల ఎండకి ఒక్కరోజు వదిలినా కొస విచ్చుకుని పీచు కడుతుంది. కోసిన క్షణం నుంచి తీపి తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఆ పూటే వండటం మేలు. కుదరకపోతే గ్లాసులో అంగుళం నీళ్లు పోసి, కాడలు నిలబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

లావు కాడలకి అడుగుభాగం చెక్కు తీసి, అన్నీ అంగుళం ముక్కలు కోసుకోండి. కొసలు విడిగా ఉంచాలి. మూకుట్లో నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు. పోపు వేగాక మంట పెంచి, కాడ ముక్కలు రెండు నిమిషాలు, తర్వాత కొసలు వేసి ఇంకో రెండు నిమిషాలు. మూత పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు. పంటికి కరకరలాడుతుండగానే ఉప్పు, పల్లీల పొడి చల్లి దించెయ్యండి. నిమ్మరసం కంచంలోనే పిండుకోవాలి, ముందే పిండితే పచ్చదనం చచ్చిపోతుంది. పప్పుచారన్నంలోకి బ్రహ్మాండం.

తిన్న కాసేపటికి బాత్‌రూమ్‌లో ఒక వింత వాసన వస్తుంది. టెన్షన్ పడి డాక్టర్‌కి ఫోన్ చెయ్యకండి, అది దీని గుణం.