పాత మహీంద్రా జీపు: ముందు రాత, తరువాత పానా

ఒకప్పుడు మా వైపు ఊళ్ళోకి జీపు వచ్చిందంటే ప్రభుత్వం వచ్చిందని అర్థం. సమితి ఆఫీసు జీపు, పోలీసు జీపు, ఎన్నికల్లో నెత్తిన మైకు కట్టుకుని తిరిగే జీపు, అన్నీ దాదాపు ఒకే ముఖంతో ఉండేవి, ఎందుకంటే వాటిలో అత్యధికం 1940ల చివరి నుంచి విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మిన మహీంద్రా సంస్థవే. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి పర్యాటకులను మోసుకెళ్ళే జీపులు ఆ వంశానికి చెందినవే. ఇప్పుడు వీటిని ఇష్టపడి కొనేవారు పెరిగారు గాని, కొన్నవారిలో చాలామంది మొదటి నెలలోనే బండిని విప్పి, పూర్తిగా కొత్తదిగా మార్చి, అందులో పాతదనం ఏదీ మిగలకుండా చేస్తున్నారు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఒక ఫైవ్‌ఫార్టీని, అంటే మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపును, నడుపుతున్నవాడిగా నేను నమ్మే క్రమం దీనికి విరుద్ధమైనది: ముందు చూడాలి, చూసింది రాసుకోవాలి, పానా చివరగా పట్టుకోవాలి.

ఏ జీపు కొనాలన్నది మొదటి ప్రశ్న. బానెట్ ఎత్తుగా, బోనులా కనిపించేది సీజే-3బీ. గాలి లోపలికి వచ్చే వాల్వులు పై హెడ్డులోను, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులోను ఉండే ఎఫ్-హెడ్ పెట్రోలు ఇంజను ఎత్తు ఎక్కువ కావడం వల్ల బానెట్‌ను అలా లేపవలసి వచ్చింది. అమెరికాలో 1953లో మొదలై 1968లో ఆగిపోయిన ఆ రూపం మన దేశంలో ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు కొనసాగింది. చూడడానికి ముచ్చటైన బండి, కాని ముందు వెనుక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే కావడంతో గతుకుల్లో నడుము విరగ్గొడుతుంది, అసలు పెట్రోలు ఇంజనుతో దొరకడం కూడా అరుదు. 1980ల మధ్యలో వచ్చిన ఎమ్మెమ్ 540లో ఆ దూరం 91 అంగుళాలు, ఇంజను 2,112 సీసీల పెజో డీజిలు, గేర్లు నాలుగు. మొదటిసారి కొనేవారికి, అసలు ఇంజను మారని ఫైవ్‌ఫార్టీయే తగినదని నా అభిప్రాయం. 1985 చివర వచ్చిన మారుతి జిప్సీ తేలికైనది, పెట్రోలుతో నడిచేది, కొండదారిలో దీనికంటే చురుకైనది. అయితే దాని అడుగు రేకు, వెనుక మూలలు తుప్పుకు త్వరగా లొంగుతాయి. 1991 నాటి టాటా సియెరా మీద మోజున్నవారు, వెనక పైకప్పులోకి వంగిన ఆ అద్దాలు పగిలితే ఎక్కడి నుంచి తెస్తామో ముందుగా ఆలోచించుకోవాలి.

బండిని చూడడానికి తెల్లవారుజామున వెళ్ళడం మంచిది, తాము వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పాలి. వేడి ఇంజను చాలా లోపాలను దాచిపెడుతుంది. పెజో ఇంజనులో డీజిలు ముందు ఒక చిన్న గదిలో అంటుకుని ఆ తరువాత పెద్ద గదిలోకి పాకుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు హీటర్ ప్లగ్గులు కాసేపు వేడెక్కనిదే అది మేల్కొనదు. హీటరు పెట్టి కొంతసేపు ఆగిన తరువాత సెల్ఫ్ కొడితే రెండు మూడు తిప్పుల్లో అందుకోవాలి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి తగ్గితే తప్పు కాదు. నీలిపొగ ఆగకపోతే ఇంజను ఆయిలు కాలుతున్నట్టు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నల్లపొగ చిమ్మితే డీజిలు పంపునో, దాన్ని ఇంజనులోకి చిమ్మే నాజిళ్ళనో చూపించాలన్నట్టు. తరువాత ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడాలి. అక్కడ నుంచి పొగ భగభగ తన్నుకొస్తుంటే సిలిండర్లు అరిగి బండి బోరుకు వచ్చినట్టే, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించి మాట్లాడాలి.

ఇంజనుకంటే ముఖ్యం చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. ఇంజనును మరమ్మతు చేయవచ్చు, కుళ్ళిన చాసిస్‌ను నమ్మి కొండ ఎక్కలేము. కింద పడుకుని, చిన్న సుత్తితో చాసిస్ పొడవునా కొడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్న చోట మూగబోతుంది. కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) వేలాడే బ్రాకెట్ల చుట్టూ, బాడీని బిగించిన బోల్టుల దగ్గర ప్రత్యేకంగా చూడాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళ బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. అనంతపురం వైపు బండ్లకు రేకు దక్కుతుంది గాని ఎండకు రబ్బరు గొట్టాలు, బుష్షులు పగిలిపోయి ఉంటాయి. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ పోతే, అది పట్టుకోని చోటల్లా పుట్టీ మందంగా ఉన్నట్టు. ఆ తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపితే, అది కదిలితే, చక్రం పక్కలకు మళ్ళే కింగ్‌పిన్ బేరింగులు గాని, చక్రం తిరిగే హబ్బు బేరింగులు గాని అరిగినట్టు. రోడ్డు మీద ఒక గతుకు తగిలిన తరువాత స్టీరింగు గడగడలాడడానికి ఇది పెద్ద కారణం. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తినిచ్చే ఫోర్‌వీల్ పనిచేస్తుందో లేదో మట్టినేలమీదే పరీక్షించాలి. అంతకంటే ముందుగా, ముందరి చక్రాలకు వెళ్ళే షాఫ్టు అసలు ఉందో లేదో చూడాలి, ఎందుకంటే పనిలేదని దాన్ని తీసి పారేసినవారు ఎందరో ఉన్నారు.

ఇక కాగితాలు. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2025 ఆగస్టు సవరణతో, 20 ఏళ్ళు దాటిన కారు తరగతి బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 10,000 రూపాయలైంది. బేరం కుదరకముందే చాసిస్ నంబరు మీద కాగితం పరచి పెన్సిలుతో రుద్ది, పడిన అచ్చును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఇంజను నంబరు, ఇంధనం కూడా ఆర్సీలో ఉన్నవే బండిలో ఉండాలి. పెట్రోలు జీపులో ట్రాక్టరు డీజిలు ఇంజను బిగించి, ఆర్సీలో మాత్రం పెట్రోలు అనే వదిలేసిన బండ్లు చాలా ఉన్నాయి. అవి ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి కొనసాగడం లేదు కాబట్టి, ఆఫీసు జీపు వేలంలో వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ వేలం అంతకు ముందుదో కాదో కాగితం అడిగి చూడాలి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన పాత డీజిలు బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయి కనుక అక్కడి బండ్లు మన ఊళ్ళకు చవకగా వస్తాయి, అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా వాటి జోలికి పోకూడదు.

మరొక వెసులుబాటు ఉంది. 50 ఏళ్ళు దాటిన బండిని 2021 నియమాల కింద వింటేజ్ వాహనంగా, నంబరులో ప్రత్యేకంగా వీఏ అనే అక్షరాలతో, 20,000 రూపాయల రుసుముతో పదేళ్ళకు నమోదు చేసుకోవచ్చు. రోజువారీ పనులకు మాత్రం దాన్ని తిప్పకూడదు. చాసిస్సు, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా ఉండాలన్నది షరతు, అంటే మోజుపడి వాటిని మార్చిన ప్రతి సీజే-3బీ ఈ అవకాశాన్ని పోగొట్టుకున్నట్టే.

బండి ఇంటికి చేరాక ఒక నెల ఏమీ విప్పవద్దు. అన్ని వైపుల నుంచి, కింద నుంచి, బానెట్ లోపల నుంచి ఫోటోలు తీయాలి. ప్రతి వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో బొమ్మ గీసుకోవాలి. డ్యాష్‌బోర్డు వెనుక, సీట్ల కింద రంగు వేసేవారి చేయి అందని చోట కంపెనీ వేసిన అసలు రంగు దొరుకుతుంది. తలుపు దగ్గర ఒక నాణెమంత మేర సన్నటి ఉప్పుకాగితంతో నెమ్మదిగా అరగదీస్తే, ఒక రంగు కింద ఒక రంగు వలయాలుగా బయటపడి, ఆ బండి ఎన్నిసార్లు రంగు మారిందో చెబుతుంది. ఈ జాగ్రత్త నాకు ఆలస్యంగా తెలిసింది. మా నాన్నగారి జీపు పక్కరేకు మీద పాత రంగు కింద ఏదో కార్యాలయం పేరు, ఒక వంకర బాణం గుర్తు లీలగా కనిపించేవి; నేను ఊళ్ళో లేని రోజున రంగు వేసే మేస్త్రీ రేకును అద్దంలా నునుపు చేసి పెట్టాడు. పని బాగా చేశానని అతను సంతోషించాడు, నేను కూడా కాదనలేకపోయాను. ఆ కార్యాలయం ఏదో ఇంతవరకు తెలియలేదు.

వాడకంలో ఈ బండి అడిగేది ముఖ్యంగా గ్రీజు. షాఫ్టుల క్రాసులకు (కీళ్ళకు), కమాన్ కట్టలను తగిలించే షాకిళ్ళకు, స్టీరింగు జాయింట్లకు గ్రీజు ఎక్కించడానికి ఉన్న నిప్పిళ్ళన్నిటికీ నెలకొకసారి, బురదలో దిగిన ప్రతిసారీ, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి నడపకూడదు. ముందు వెనుక షాఫ్టులను కలిపిన ఈ గేరుపెట్టె మలుపుల్లో వాటిని వేర్వేరు వేగాలతో తిరగనివ్వదు కనుక, జారడానికి మట్టి లేని చోట ఆ ఒత్తిడి క్రాసుల మీద, పళ్ళచక్రాల మీద పడుతుంది. డీజిలు ఫిల్టరు అడుగున చేరే నీటిని తరచు వదలాలి, ఫిల్టరు మార్చాక చేతిపంపు కొట్టి గాలిని పూర్తిగా తీయాలి. పెట్రోలు బండి అయితే, ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును తింటుంది, తేమను పీల్చుకుంటుంది. గొట్టాలను, కార్బ్యురేటరులోని డయాఫ్రమ్‌ను ఇథనాల్‌కు తట్టుకునేవాటితో మార్చి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకుండా చూసుకోవాలి.

విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్, హైదరాబాదు పుత్లీబౌలి తిరిగితే ఇంకా చాలా దొరుకుతాయి. దొరకనిదాన్ని లాత్ షాపులో తిప్పించుకోవాలి, అందుకు నమూనా కావాలి. కాబట్టి విరిగిన పాత ముక్కను పారేయకుండా, తీసిన తేదీ రాసిన చీటీ కట్టి డబ్బాలో దాచాలి.

అలాగే బండికి ఒక నోటుపుస్తకం పెట్టి, కిలోమీటర్లు, మార్చిన భాగం, ఇచ్చిన డబ్బు, పనిచేసినవారి పేరు రాయాలి. పుస్తకం రూపంలో ఉన్న పాత ఆర్సీలోని ప్రతి పేజీని, ఖాళీగా కనిపించే పేజీలతో సహా, స్కాను చేసి ఉంచాలి. పాత యజమాని గాని, ఆ బండిని నడిపిన డ్రైవరు గాని బతికి ఉంటే, వెళ్ళి కూర్చుని, ఫోనులో రికార్డు చేస్తూ, ఎక్కడ ఆగిపోయింది, ఎవరిని ఎక్కించుకుంది, ఏ గేరులో ఏ ఘాటీ ఎక్కేది అని ఒక్కొక్కటే అడగాలి. మా బండి నడిపిన బాబాయి, మూడో గేరు జారిపోకుండా దాన్ని మోకాలితో ఎలా అదిమిపట్టేవాడో గంటసేపు చెప్పాడు. ఆ గేరు ఇప్పటికీ జారుతుంది; నేను కూడా మోకాలితోనే పట్టుకుంటున్నాను.