ఉద్యోగ ప్రయాణం – 6వ పాఠం: ఇంటర్వ్యూ అయ్యాక ఎలా అడగాలి?

ఇంటర్వ్యూలో జీతం మాట ఎలా ఎత్తాలో గత పాఠంలో చూశాం. ఈసారి ఆ గదిలోంచి బయటికి వచ్చాక చేయాల్సిన పని. మన వైపు పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రేణిగుంటకో శ్రీసిటీకో వెళ్లి ఇంటర్వ్యూ బాగా చేసి వస్తారు. ‘మేమే చెప్తాం’ అన్నారు కదా అని ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం. అడగడంలో తప్పేమీ లేదు. పద్ధతిగా అడిగేవాళ్లను చూస్తే, రేపు పనిలోనూ ఇలాగే ఉంటారన్న నమ్మకం అవతలివాళ్లకు కలుగుతుంది.

అసలు ఈ పని కుర్చీలోంచి లేవకముందే మొదలవ్వాలి. ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే చాలామంది ‘ఏం లేదు సర్’ అని లేచి వచ్చేస్తారు. అలా రావొద్దు. ‘ఫలితం ఎప్పటిలోగా తెలుస్తుంది సర్? అప్పటికి కబురు రాకపోతే ఎవరిని అడగమంటారు?’ అని అడగండి. వాళ్లు ‘వచ్చే శుక్రవారం’ అన్నారంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. బయటికి రాగానే, బస్సెక్కకముందే, ఆ తేదీ, మీతో మాట్లాడినవాళ్ల పేర్లు, వాళ్లు గుచ్చి గుచ్చి అడిగిన ఒక ప్రశ్న రాసి పెట్టుకోండి. ఆ ప్రశ్నతో మనకు పని ఉంది.

అదే సాయంత్రం, లేదంటే మర్నాడు, 24 గంటలు దాటకుండా ఒక మెయిల్ పంపండి. ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చి ఉంటే దానికే రిప్లై ఇవ్వండి, మీ వివరాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కొత్తగా రాయాల్సి వస్తే సబ్జెక్టులో ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూ తేదీ, మీ పేరు ఉండాలి. ఉత్త ‘థాంక్యూ సర్’ అని పెడితే అది ఎవరిదో తెరిచి చూస్తే గానీ తెలియదు. మెయిల్ ఇంగ్లీషులో రాసినా, లోపలి విషయం ఇలా ఉండాలి:

‘నమస్కారం సర్. నిన్న క్వాలిటీ ట్రైనీ ఉద్యోగం కోసం నాతో మాట్లాడినందుకు కృతజ్ఞతలు. లైన్‌లో రిజెక్షన్ (నాణ్యత లేక పక్కన పెట్టే సరుకు) పెరిగితే మొదట ఏం చూస్తావని అడిగారు. షిఫ్టు, మెషీను, ముడిసరుకు బ్యాచ్ వారీగా లెక్క విడదీసి చూస్తానని చెప్పాను. డిప్లొమా ప్రాజెక్టులో అలా వేసిన పట్టికను జతచేస్తున్నాను. నైట్ షిఫ్టుకు సిద్ధమే. శుక్రవారంలోగా చెప్తామన్నారు, ఎదురుచూస్తుంటాను.’

ఇందులో ఇంటి ఇబ్బందులు లేవు, ‘ఎలాగైనా ఇప్పించండి సర్’ అన్న మాట లేదు. మీ కష్టం నిజమే కావచ్చు. కానీ దాన్ని చూపించి, ఇంటర్వ్యూ చేసినాయన తన పై అధికారిని ఒప్పించలేరు. ఆ పట్టిక చూపించి ఒప్పించగలరు.

చెప్పిన తేదీ దాటితే ఇంకో రెండు పనిరోజులు ఆగండి. శుక్రవారం అన్నారంటే మంగళవారం మధ్యాహ్నమో బుధవారం పొద్దుటో అదే మెయిల్ కింద మూడు ముక్కలు రాయండి. తేదీయే చెప్పకపోతే వారం ఆగితే చాలు. దానికీ పలకకపోతే ఫోన్ చేయండి. ఆఫీసుకు రాగానే, భోజన సమయంలో వద్దు. పదకొండు ప్రాంతంలో చేస్తే ఓపిగ్గా వింటారు.

‘నమస్కారం మేడమ్. 12వ తేదీన క్వాలిటీ ట్రైనీ ఇంటర్వ్యూకి చిత్తూరు నుంచి వచ్చాను. ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?’

‘ఇంకా పైనుంచి అప్రూవల్ రాలేదమ్మా.’

‘సరే మేడమ్. మళ్లీ ఎప్పుడు కనుక్కోమంటారు?’

అంతే, పెట్టేయండి. ‘నాకు వస్తుందా మేడమ్?’ అని లాగొద్దు. మీ తరఫున నాన్నతోనో మామయ్యతోనో ఫోన్ చేయించొద్దు. ప్రేమతోనే చేస్తారు, కానీ మీకు మాట్లాడడం రాదేమో అన్న అనుమానం అవతల పుడుతుంది. హెచ్ఆర్ వాళ్ల సొంత వాట్సాప్‌కు రాత్రిపూట మెసేజ్‌లు కూడా వద్దు.

ఊరి పరిస్థితీ చూసుకోవాలి. బ్రహ్మోత్సవాల్లో, అందులోనూ ఐదో రోజు గరుడసేవ నాడు, తిరుపతి హోటల్ మేనేజర్‌కు ఊపిరాడదు. ఉత్సవాలు అయ్యాక అడగండి. మామిడి సీజన్‌లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలదీ అదే పరిస్థితి. అయితే అక్కడ సీజన్ పనికే మనుషుల్ని తీసుకుంటుంటే మాత్రం వారాలు ఆగకండి, రెండో రోజే కనుక్కోండి.

జాబ్ మేళాల్లో ఇంకో చిక్కు ఉంది. బల్ల దగ్గర రెజ్యూమే తీసుకుని పంపేస్తారు, మెయిల్ ఐడీ చేతికి రాదు. మాట్లాడినాయన కంపెనీ మనిషా, కాంట్రాక్టు ఏజెన్సీ మనిషా అని అక్కడే అడిగి తెలుసుకోండి. ఏజెన్సీ అయితే మీరు కనుక్కోవాల్సింది ఏజెన్సీనే, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే లాభం లేదు. ఎవరైనా ‘డిపాజిట్ కడితే ఆర్డర్ ఇస్తాం’ అంటే ఆ ఫోన్ అక్కడే కట్ చేయండి.

రెండు మెయిళ్లు, ఒక ఫోన్. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆపేయండి. ఈలోగా వేరే చోట్ల అప్లై చేయడం మాత్రం ఆపకూడదు. ‘వేరేవాళ్లను తీసుకున్నాం’ అని జవాబు వస్తే బాధగానే ఉంటుంది. అయినా ఆ రోజే రెండు వాక్యాలు రాయండి: తెలియజేసినందుకు కృతజ్ఞతలు, మళ్లీ ఖాళీ వస్తే నన్ను గుర్తుపెట్టుకోండి అని. వాళ్లు తీసుకున్న మనిషి, పాత ఉద్యోగంలో నోటీస్ పీరియడ్ (మానేస్తానని చెప్పాక ఇంకా పనిచేయాల్సిన రోజులు) ముగిశాక కూడా రాకుండా ఆగిపోవడం మామూలే. అప్పుడు తిరగేసేది ముందటి జాబితానే.

ఈ వారం అభ్యాసం: మీరు చివరిగా వెళ్లిన ఇంటర్వ్యూలో అడిగిన ఒక ప్రశ్నను గుర్తు తెచ్చుకుని, దాని చుట్టూ ఆరు వాక్యాల మెయిల్ రాయండి. పైకి చదివి, ఎవరు రాసినా సరిపోయేలా ఉన్న వాక్యాలను కొట్టేయండి. వచ్చే పాఠంలో ఆఫర్ లెటర్ చదవడం: సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) ఎంత, చేతికొచ్చేది ఎంత, బాండ్ (ఇంతకాలం మానకూడదన్న ఒప్పందం) అని రాసి ఉంటే సంతకానికి ముందు ఏం అడగాలి.