వెనుక నుంచి నెట్టే జంట మోటార్ల విమాన నమూనా: తయారీ, తూకం

ప్రొపెల్లర్లు ముందుండి లాగే విమానాలే మనకు ఎక్కువగా తెలుసు. వెనుక నుంచి నెట్టే పద్ధతిలో మన దేశంలో రూపొందినది బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వారి 14 సీట్ల సరస్. అది 2004 మే 29న తొలిసారి ఎగిరింది. విజయనగరంలో నేను విద్యార్థుల చేత చేయించే ఫోమ్ షీటు నమూనాకు ప్రేరణ అదే. అయితే మా మోటార్లను రెక్క వెనుక అంచున బిగిస్తాం.

రెక్క పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 16 సెంటీమీటర్లు ఉండాలి. లోపల వెదురు బద్ద అతికించి, రెక్కను శరీరం పైభాగాన అమర్చితే, పొట్ట మీద దిగేటప్పుడు ప్రొపెల్లర్లు నేలకు తగిలే ప్రమాదం తగ్గుతుంది. మామూలు సూపర్ గ్లూ థర్మోకోల్‌ను కరిగిస్తుంది కనుక దానిని వాడవద్దు.

అసలు కష్టం తూకంలో ఉంది. గరిమనాభి (విమానం బరువంతా తూగే బిందువు) రెక్క ముందు అంచుకు 4 సెంటీమీటర్ల వెనుక, అంటే వెడల్పులో నాలుగోవంతు దగ్గర నిలవాలి. మోటార్లు రెండూ కలిపి 36 గ్రాములు, ఆ బిందువుకు 12 సెంటీమీటర్ల వెనుక ఉన్నాయనుకుందాం: 36×12=432. తోక 12 గ్రాములు, 42 సెంటీమీటర్ల వెనుక: 504. బరువును దూరంతో గుణించగా వెనుక వైపు మొత్తం 936 కనుక, ముందు వైపూ అంతే రావాలంటే 36 గ్రాముల బ్యాటరీ ఆ బిందువుకు 26 సెంటీమీటర్ల ముందు కూర్చోవాలి. మా మొదటి నమూనాకు ముక్కు పొట్టిగా కోసి, ఈ లెక్క తరువాత వేశాం. అది చేతిని విడవగానే ముక్కు పైకెత్తి, తోక మీద గట్టుకు కొట్టుకుంది. అందుకే కత్తెర పట్టకముందే కాగితం మీద లెక్క తేల్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

ప్రొపెల్లరుపై అంకెలు ముద్రించిన ముఖం ప్రయాణ దిశకు, అంటే ముందుకు ఉండాలి. మోటారు తిరగబడి తిరిగితే దాని మూడు తీగలలో ఏవైనా రెండింటిని మార్చితే చాలు. ప్రొపెల్లర్లు నెట్టే బలం గరిమనాభికి పైనుంచి వస్తుంది కనుక వేగం పెంచినప్పుడు ముక్కు వంగుతుంది. ప్రొపెల్లరు ఉన్న కొసను రెండు డిగ్రీలు పైకెత్తి బిగిస్తే ఆ వంపు తగ్గుతుంది. శరీరానికి తగలనంత ఎడం మాత్రమే వదలి మోటార్లను దగ్గరగా ఉంచితే, ఒకటి ఆగినా విమానం పక్కకు తక్కువగా తిరుగుతుంది.

వరి కోతలయ్యాక ఖాళీ మడిలో, గాలి లేవకముందు తెల్లవారి పరీక్షించాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు మించనిది నానో తరగతి. భోగాపురం విమానాశ్రయం దృష్ట్యా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ల వేదికలోని పటంలో మీ చోటు ఏ గగనతల జోన్‌లో ఉందో ముందే చూడాలి. రెక్క కింద గరిమనాభి చోట పెట్టుకున్న గుర్తుల దగ్గర రెండు వేళ్లపై నిలిపినప్పుడు ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. మొదట మోటార్లు ఆపి, భుజం ఎత్తు నుంచి నేలకు సమాంతరంగా నెమ్మదిగా విడవాలి. నిదానంగా జారి దిగితేనే మోటార్లు నడపాలి. గాలిలో ఒక మోటారు ఆగితే రెండవదానినీ వెంటనే ఆపి, జారుతూ దింపాలి.