చిన్న గదికి రాకెట్ పొయ్యి, వేడి అరుగు

లంబసింగి, చింతపల్లి వంటి మన్యపు ఊళ్లలో పుష్యమాసపు చలికి ఓర్వలేక కుంపటి లోపల పెట్టుకొని తలుపులు బిగించి పడుకోవడం ప్రాణాపాయం. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. అటువంటి గదికి తగినది రాకెట్ పొయ్యి. ల్యారీ వినియార్‌స్కీ 1980లలో రూపొందించిన వంటపొయ్యి సూత్రానికి అమెరికాలోని ఒరెగాన్‌లో ఇయాంటో ఎవాన్స్ మట్టి అరుగును జతచేయగా ఈ రూపం వచ్చింది. మంట ఒక నిలువు గొట్టంలో పైకి ఎగసి, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము లోపల కిందికి దిగి, అరుగులోని గొట్టాల గుండా సాగి, తన వేడిని మట్టికి అప్పగించాకే పొగగొట్టం చేరుతుంది.

గది చిన్నదని పొయ్యిని మరీ కుదించకూడదు. 4 అంగుళాల వ్యాసపు గొట్టంతో కట్టినవి మసితో త్వరగా మూసుకుపోతాయి, పొగను గదిలోకి తన్నుతాయి. 10 అడుగులకు 12 అడుగుల గదికైనా 6 అంగుళాల గొట్టమే నా సలహా. దాని లోపలి వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. కట్టెలు పెట్టే నోరు, అడ్డంగా సాగే సొరంగం, నిలువు గొట్టం అన్నీ అయిదున్నర అంగుళాల చదరంగా ఉంటే ఈ కొలతకు సరిపోతాయి. దారిలో ఎక్కడ ఇరుకైనా పొగ వెనక్కి తిరుగుతుంది. నోటి లోతు 12 నుంచి 16 అంగుళాలు, సొరంగం 24 అంగుళాలకు మించకుండా, నిలువు గొట్టం 48 అంగుళాలు ఉండాలి.

మట్టిపొయ్యిలు వేయడంలో చేయి తిరిగినవారు కూడా పొరబడేది నిలువు గొట్టం దగ్గరే. అలవాటు కొద్దీ వారు దాన్ని దళసరి మట్టితో కడతారు. అరుగులో వేడిని దాచే ఆ మట్టే ఇక్కడ మంట వేడిని పీల్చేసి పొగను మిగులుస్తుంది. అందుకే లోపల ఫైర్‌బ్రిక్‌ను (మంట వేడిని తట్టుకునే ఇటుకను) అంచు మీద నిలబెట్టి కట్టి, చుట్టూ 18 అంగుళాల వ్యాసంలో రేకు చుట్టి, ఆ నడుమ పెర్లైట్‌ను (వేడిని ఆపే తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలను) పలుచని బంకమట్టి నీళ్లతో తడిపి నింపాలి. పెర్లైట్ నర్సరీలలో దొరుకుతుంది. అది లేకపోతే ఊక బూడిద కూడా వేడిని బాగానే ఆపుతుంది. మంట తగిలే చోట మాత్రం ఇనుప గొట్టం వద్దు, అది త్వరగా కాలి పొరలు పొరలుగా రాలిపోతుంది.

దీని మీద 200 లీటర్ల ఇనుప డ్రమ్మును, రంగంతా బయట కాల్చి తీసివేసిన తర్వాత, బోర్లించాలి. నిలువు గొట్టం పై అంచుకూ డ్రమ్ము కప్పుకూ మధ్య 2 అంగుళాల ఖాళీ ఉండాలి. చిన్న గదిలో డ్రమ్ము సెగ ఎక్కువవుతుంది కాబట్టి, దాని కింది సగానికి మట్టి మెత్తితే హాయిగా ఉంటుంది. చెక్క, గడ్డి, బట్టలు డ్రమ్ముకు కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి.

అరుగు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే, గొట్టం వెళ్లి తిరిగి వచ్చేసరికి 12 అడుగులవుతుంది. ఒక్కో మూలమలుపును 5 అడుగులుగా లెక్కించాలి. రెండు మలుపులతో 22 అడుగులు, 6 అంగుళాల పొయ్యికి అంతే చాలు. ప్రతి మలుపు దగ్గరా మసి తీసేందుకు మూత అమర్చాలి. ఒక పాలు బంకమట్టికి సుమారు మూడు పాళ్లు ఇసుక, కొంత వరిగడ్డి వేసి అడుసు తొక్కి, ముందుగా ఒక ఇటుక పోసి ఎండబెట్టి, పగుళ్లను బట్టి పాళ్లు సవరించాలి. అరుగు బరువే 700 కిలోలు దాటవచ్చు, కాబట్టి దీన్ని నేలమీద తప్ప మేడమీద కట్టరాదు.

మట్టి పూయక ముందే ఇటుకలను ఆరుబయట పొడిగా పేర్చి, డ్రమ్ము బోర్లించి మంట పెట్టి చూడాలి; మంట పక్కకు వాలి సొరంగంలోకి గుంజుకుపోతే కొలతలు సరిపోయినట్లే. కట్టాక కొన్ని వారాల పాటు చిన్న చిన్న మంటలతో ఆరనివ్వాలి. చల్లగా ఉన్న పొయ్యి మొరాయిస్తే, పొగగొట్టం అడుగున ఉన్న మూత తీసి ఒక కాగితం వెలిగిస్తే లాగుడు మొదలవుతుంది. పొగగొట్టం కప్పు దాటి పైకి లేవాలి, గదిలో గాలి వచ్చే కంత ఎప్పుడూ తెరచి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టనిదే ఒక్క రాత్రి కూడా పొయ్యి వెలిగించి పడుకోవద్దు.