ఒడ్డుకు కొట్టుకొచ్చినవి – 3వ పాఠం: ప్లాస్టిక్కని వదిలేసేవి

గత పాఠంలో పోటు గీత (పోటు వెనక్కి తగ్గాక అలలు తెచ్చినవి వరసగా మిగిలే గీత) చదవడం నేర్చుకున్నాం. ఈపాటికి అమావాస్యకో పున్నమికో ఒకసారి ఒడ్డుకు వెళ్లి, నీరు బాగా లాగేసిన వేళ గీత పొడవునా నడిచి, కనిపించినవాటిని ఫొటోలు తీసి ఉంటారు. ఆ ఫొటోల్లో "ఇదేదో ప్లాస్టిక్ ముక్క" అని దాటేసినవాటిని మళ్లీ తెరవండి. ఈ పాఠం వాటి గురించే.

ఈసారి సంచిలో వేసుకోవాల్సినవి: పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, చుక్కల సీసాలో తెల్ల వెనిగర్ (నిమ్మరసమైనా సరే), పట్టకారు, లైటర్, పాత టూత్‌బ్రష్, లీటరు మంచినీళ్లు, రబ్బరు తొడుగులు, ఒక పది రూపాయల బిళ్ల. బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. దాన్ని పక్కన పెట్టి ఫొటో తీస్తే తర్వాత ఇంట్లో కూర్చుని కూడా వస్తువు కొలత తీయొచ్చు. బిళ్లను వస్తువు మీద కాకుండా దాని ఎత్తులోనే పక్కన పెట్టాలి. లేకపోతే కొలత తప్పుతుంది.

ఆకారం తర్వాత, అంచు ముందు

కొత్తగా చూసేవాళ్లు "ఇది దేనిలా ఉంది?" అని మొదలుపెడతారు. గుండీలా ఉంది, థర్మాకోల్‌లా ఉంది, రబ్బరులా ఉంది. అక్కడే దారి తప్పుతుంది. మొదట చూడాల్సింది విరిగిన అంచు. ప్లాస్టిక్‌ను అచ్చులో పోస్తారు కాబట్టి విరిగిన చోట పై నుంచి కింది దాకా ఒకేలా ఉంటుంది. ప్రాణి తయారుచేసినది పొర మీద పొరగానో, రేణువు పక్కన రేణువుగానో పేరుకుంటుంది, లేదా నారలు అల్లుకుని ఉంటుంది. ఆ కట్టుబడి అంచులో దొరికిపోతుంది. ముక్కకు విరిగిన చోటు లేకపోతే మూలలో గోరంత విరవండి. గుడ్లో ప్రాణమో ఉందన్న అనుమానం ఉంటే మాత్రం విరవొద్దు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, మన తీరంలో అది తరచుగా తగులుతుంది. ఫైబర్ పడవల నుంచి ఊడిన చెక్కుల్లో కూడా పొరలుంటాయి. భూతద్దంలో చూస్తే ఆ పొరల మధ్య గాజు దారాలు అడ్డదిడ్డంగా బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. వట్టి వేళ్లతో రుద్దకండి, గుచ్చుకుంటాయి.

అంచు చూశాక వెనిగర్ చుక్క. బుస్సుమని నురగ వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు: గుల్ల, పగడం, ఎముకలాంటి పెంకు. ఈ పరీక్ష ఎక్కువగా చెడేది ఇసుక వల్ల. తీరపు ఇసుకలో గుల్లల పొడి కలిసి ఉంటుంది. వస్తువుకు అంటుకున్న ఆ పొడి పొంగితే వస్తువే పొంగిందనుకుంటారు. అందుకే ముందు మంచినీళ్లతో కడిగి, బ్రష్‌తో రుద్ది, తడి ఆరాక చుక్క వెయ్యాలి.

ఇసుక పట్టీ

చొక్కా కాలర్‌లా వంగి, ఒక చోట తెగి ఉన్న పలుచటి పట్టీ. అడ్డంగా 5 నుంచి 15 సెంటీమీటర్లు, మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. రంగు ఆ తీరపు ఇసుక రంగే. నల్ల ఇసుక ఎక్కువున్న భీమిలి వైపు ముదురుగా, వేరే చోట్ల లేత గోధుమగా ఉంటుంది. విరిగిన కుండ మూతి అనో, పగిలిన ప్లాస్టిక్ డబ్బా అంచు అనో జనం కాలితో తన్నేస్తారు.

ఇది మూన్ స్నెయిల్ అనే నున్నటి గుండ్రటి నత్త పెట్టిన గుడ్ల పట్టీ. ఆడ నత్త ఇసుకలో ఉండగానే జిగురు పొరలో గుడ్లు కలిపి బయటికి తోస్తుంది. ఆ పొర రెండు వైపులా ఇసుక రేణువులు అతుక్కుంటాయి. నత్త గుల్ల చుట్టూనే పొర సాగుతుంది కాబట్టి దానికి ఆ వంపు వస్తుంది. ఒక చోట తెగి ఉండడమూ అందుకే. అంచును భూతద్దంలో చూడండి: రేణువుల వరస, మధ్యలో పలుచటి జిగురు పొర, మళ్లీ రేణువుల వరస. ఎండకు అడ్డంగా పట్టుకుంటే మధ్య పొరలో చిన్న చిన్న చుక్కలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. గుడ్ల గదులవే.

తడిగా ఉన్నప్పుడు రబ్బరులా వంగుతుంది, ఎండితే వేలు తగిలినా పొడిపొడిగా రాలిపోతుంది. వంగుతూ ఉంటే లోపల గుడ్లు ఇంకా ఉండొచ్చు. ఫొటో తీసి, అల తగిలే చోట తిరిగి పెట్టేయండి. పిల్లలు బయటపడ్డాక పట్టీ దానంతటదే విడిపోతుంది కాబట్టి ముక్కలైపోయినవాటి గురించి బెంగ అక్కర్లేదు. వెనిగర్ పరీక్ష దీని మీద దండగ. ఇసుకలోని గుల్లపొడి ఎలాగూ పొంగుతుంది.

పట్టీలు కనిపించిన చోటే ఒక పని చెయ్యండి. పక్కనున్న రెండు చిప్పల గుల్లల్ని ఏరి, వాటిలో చిల్లులు వెతకండి. మూన్ స్నెయిల్ మిగతా గుల్ల జీవులకు చిల్లి పెట్టి లోపలి మాంసం తింటుంది. ఆ చిల్లి గుండ్రంగా, పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది, మర తల కూర్చోవడానికి వడ్రంగి తొలిచినట్టు. నిటారు గోడలతో పై నుంచి కింది దాకా ఒకే వెడల్పున్న చిల్లి వేరే జాతి నత్తలది. జల్లెడలా బోలెడు చిల్లులుంటే నత్త పని కాదు, గుల్లను తొలిచే స్పంజి పని. దండకు గుచ్చడానికి ఎవరో చిల్లి పెట్టారని ఈ గుల్లల్ని చూసి అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

సముద్రపు నురుగు

పచారీ మందుల కొట్టులో సముద్రఫేనం పేరుతో అమ్మేది ఇదే, కటిల్‌ఫిష్ (ఆక్టోపస్‌కు చుట్టమైన సముద్ర జీవి) వీపులో ఉండే పెంకు. తెల్లగా, కోలగా, తేలిగ్గా ఉంటుంది. థర్మాకోల్ ముక్కలతో కలిసి అదే గీతలో పడి ఉండడం వల్ల కళ్లు దాటేస్తాయి.

ఒక వైపు గట్టిగా, సన్నటి గరుకుతో ఉంటుంది. రెండో వైపు గోటితో గీస్తే పొడి రాలేంత మెత్తన. అడ్డంగా విరిస్తే దగ్గర దగ్గరగా పొరలు, పొరకూ పొరకూ మధ్య నిలువు గోడల్లాంటివి భూతద్దంలో తేటగా కనిపిస్తాయి. ఆ గదుల్లోకి నీటిని రానిచ్చి, తోడేసి, కటిల్‌ఫిష్ తన తేలుడును సర్దుకుంటుంది. థర్మాకోల్‌ను విరిస్తే పూసలు పూసలుగా ఊడుతుంది. నురుగు పొడి మీద వెనిగర్ వేస్తే వెంటనే పొంగుతుంది, థర్మాకోల్ ఉలకదు పలకదు. ఇక్కడ అనుమానానికి చోటే లేదు.

పొరలు లెక్కపెట్టి వయసు చెప్పే ప్రయత్నం మాత్రం వద్దు. కటిల్‌ఫిష్ బతికేదే ఒకటి రెండేళ్లు. పొరలు పడే వేగం తిండిని బట్టి, నీటి వేడిని బట్టి మారుతుంది. ఒక్కోసారి వారం పాటు ఒడ్డంతా ఇవే కనిపిస్తే కాలుష్యమని కంగారు పడనక్కర్లేదు. గుడ్లు పెట్టాక పెద్దవి చచ్చిపోవడం వాటి జీవితంలో మామూలే. మెత్తటి వైపు గాట్లుంటే చేపలు కొరికినవి.

అభ్రకమా, గుల్లా?

కాకినాడ తీరంలో నడిచేవాళ్లకు ఇది తప్పక తగులుతుంది: అరచేతిలో పట్టేంత గుండ్రటి, చదునైన, వెలుతురు లోపలి నుంచి కనిపించే బిళ్ల. కిటికీ గుల్ల అని పిలుద్దాం. శాస్త్రీయ నామం ప్లాకూనా ప్లాసెంటా. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు గాజు బదులు బిగించింది దీన్నే.

లోపలి వైపు, అతుకు దగ్గర, తలకిందులైన వీ ఆకారంలో రెండు గట్లు వెతకండి. ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఒక చిప్పకు గట్లుంటే జత చిప్పకు వాటికి సరిపోయే గాడులుంటాయి. ఆ భాగం విరిగిపోయిన ముక్క దొరికినప్పుడే చిక్కు. అభ్రకం కూడా పొరలు పొరలుగానే ఊడుతుంది, మెరుస్తుంది. గూడూరు వైపు అభ్రకం గనులున్న సంగతి తెలిసినవాళ్లు అదే అనుకుంటారు. తేడా వేలితోనే తెలుస్తుంది. అభ్రకం రేకును కొంచెం వంచి వదిలితే తిరిగి లేస్తుంది, గుల్ల పొర టప్పున విరుగుతుంది. వెనిగర్‌కు గుల్ల పొంగుతుంది, అభ్రకం పొంగదు. ఈ గుల్ల రక్షిత జీవుల జాబితాలో ఉంది కాబట్టి సంచి నింపుకోకండి, ఫొటో చాలు. సముద్రపు విసనకర్రలకు (విసనకర్రలా విచ్చుకునే పగడపు జాతి జీవులు), పగడాలకు కూడా అదే మాట.

రబ్బరు సంచి

గోధుమ రంగు, కోలగా, అరచేతిలో సగముండే చదును సంచి. పక్కన పీచులు వేలాడుతుంటాయి. ఎండితే ముడుచుకుని తోలు ముక్కలా అయిపోతుంది. ఇది అడుగున తిరిగే వెదురు సొర అనే చిన్న సొరచేప గుడ్డు సంచి. సొరలన్నీ గుడ్లు పెట్టవు, చాలావరకు పిల్లల్నే కంటాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే టేకు చేపలూ అంతే. అందుకే విదేశీ బొమ్మల్లో చూపే నాలుగు కొమ్ముల చతురస్రపు సంచి కోసం ఇక్కడ వెతకడం వల్ల పెద్దగా లాభం లేదు.

ఎండిన సంచిని రాత్రంతా మంచినీళ్లలో నానబెడితే అసలు ఆకారానికి వస్తుంది. ఆ తర్వాతే కొలవాలి. ఒక చివర చీలిక ఉంటే పిల్ల బయటికి పోయిందని అర్థం. ప్లాస్టిక్కేమోనన్న అనుమానం ఇంకా ఉంటే ఒక్క పీచు తెంపి, పట్టకారుతో పట్టుకుని లైటర్ చూపించండి. వెంట్రుక కాలిన వాసన వేసి మసైతే మాంసకృత్తు, అంటే ప్రాణిది. కరిగి గట్టి పూస కట్టి, ఘాటు వాసన వస్తే నైలాన్ వల దారం. గాలికి ఎదురుగా నిలబడి చెయ్యకండి, పొగ మొహానికే కొడుతుంది.

అలివి వల లాగే చోట దొరికిన సంచికి మీ పుస్తకంలో "వల దగ్గర" అని రాసుకోండి. అక్కడ పడి ఉన్నది అలలు తెచ్చింది కాకపోవచ్చు, వలలోంచి ఏరి పారేసింది కావచ్చు. ఈ ఒక్క గుర్తు రాసుకోకపోతే నెల తర్వాత మీ లెక్కలేవీ పనికిరావు.

నీలి గుండీ, నీలి సంచి

రెండు మూడు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల, చుట్టూ నీలి కుచ్చు: పోర్పిటా, జెల్లీఫిష్‌కు చుట్టమైన తేలే జీవి. కుచ్చు రాలిపోయి ఎండాక మిగిలే బిళ్ల అచ్చం పారదర్శక ప్లాస్టిక్ గుండీ. వెలుతురుకు పట్టండి, నడి మధ్య నుంచి బండి చక్రం ఆకుల్లా గీతలు, వాటిని కోసే వలయాలు కనిపిస్తాయి. గుండీకి దారం పోయే చిల్లులుంటాయి, దీనికి ఉండవు. దీని కాటు సాధారణంగా కొద్దిపాటి దురదే.

గాలి నిండిన నీలి సంచీ, దాని కింద దారాలూ ఉంటే మాత్రం అది ఫిసేలియా (పోర్చుగీస్ మాన్ ఆఫ్ వార్ అనే కుట్టే జీవి). చచ్చి ఒడ్డున పడ్డాక కూడా ఆ దారాలు కుడతాయి. నీలంగా, పారదర్శకంగా ఉన్నదేదైనా తొడుగు లేకుండా ముట్టుకోవద్దన్నది అందుకే. కుట్టిందా, దారాల్ని పట్టకారుతో తీసి, సముద్రపు నీటితోనే కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో (45 డిగ్రీలు దాటకుండా) 20 నిమిషాలు ఉంచండి. ఇసుకతో రుద్దితే మంట పెరుగుతుంది. ఊపిరి ఆడకపోయినా, వాపు పాకినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తలకిందుల పొరపాటు

ఇంతవరకూ ప్రకృతి వస్తువును ప్లాస్టిక్ అనుకోవడం చూశాం. ముద్దల విషయంలో జనం సరిగ్గా ఎదురు తప్పు చేస్తారు. ఒడ్డున మైనం ముద్ద కనిపిస్తే చాలు, తిమింగలం వాంతి, కోట్లు అంటారు. అది అసలు వాంతి కూడా కాదు, స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే అంబర్‌గ్రిస్. ఆ తిమింగలం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. అంబర్‌గ్రిస్ అమ్మడం, దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం.

దొరికే ముద్దల్లో ఎక్కువ భాగం ఓడల నుంచి పడిన పారఫిన్, గడ్డకట్టిన నూనె, తారు. తారు కాలికి అంటి ఎండకు మెత్తబడుతుంది, కొబ్బరి నూనెతో వదులుతుంది. కాల్చిన సూది గుచ్చే పరీక్షను నమ్మకండి. సూదికి మైనమూ కరుగుతుంది, అంబర్‌గ్రిసూ కరుగుతుంది. ముద్దలో చిలుక ముక్కులాంటి నల్లటి గట్టి ముక్కలు (స్క్విడ్ దవడలు) కనిపిస్తే పట్టించుకోవాల్సిందే. అప్పుడు ఫొటో తీసి, ఉన్నచోటే వదిలి, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

అభ్యాసం

చిల్లులున్న గుల్లలు ఇరవై ఏరండి. వాలు గోడ, నిటారు గోడ, జల్లెడ అని మూడు కుప్పలు చెయ్యండి. వాలు గోడ చిల్లి ఎక్కువగా గుల్లలో ఏ భాగంలో పడిందో బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. తర్వాతి పాఠం గింజలు, కాయల మీద. గచ్చకాయలు, మడ మొక్కల కాయలు దొరికితే దాచండి. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపి సిద్ధంగా పెట్టుకోండి, తేలుడు పరీక్ష మంచినీళ్లలో చేస్తే తప్పు జవాబు వస్తుంది.

గత పాఠం ప్రశ్నకు జవాబు

కాడలకు తెల్లటి గుల్లలు వేలాడుతున్న సీసా ఎక్కడిదని అడిగాం. అవి లెపాస్ జాతి గూస్ బార్నకిల్స్, నీటిపై తేలే వస్తువులకు పట్టి పెరిగేవి. కాబట్టి ఆ సీసా ఒడ్డున ఎవరో పారేసింది కాదు, వారాల తరబడి బయటి సముద్రంలో తేలి వచ్చింది. 2014 మార్చిలో కనిపించకుండా పోయిన మలేసియా విమానం రెక్క భాగం 2015 జులైలో రీయూనియన్ దీవిలో దొరికినప్పుడు దాని మీదున్నవీ ఇవే. గుల్ల పెరిగేకొద్దీ అప్పటి నీటి వేడి అందులో నమోదవుతుంది కాబట్టి, ఆ ముక్క ఏ నీళ్లలోంచి వచ్చిందో అంచనా కట్టడానికి శాస్త్రవేత్తలు వాటిని పరీక్షించారు. "పడవ అడుగున పట్టేవే ఇవి" అని రాసినవాళ్లు కాడను గమనించలేదు. రాళ్లకూ పడవలకూ అంటుకునే మామూలు బార్నకిల్‌కు కాడ ఉండదు, గుల్ల నేరుగా అతుక్కుంటుంది.