అమెరికాలో మొదటి నెల: ‘చెక్’ అన్న మాట వినిపిస్తే

శంషాబాద్‌లో విమానం ఎక్కే పిల్లలకు ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఒక్క మాట గురించి చెబుతాను. అక్కడ నాలుగేళ్లుండి హైదరాబాద్ తిరిగొచ్చాను. నన్ను తికమక పెట్టినవి పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు కావు, బాగా తెలుసనుకున్న ‘చెక్’.

ఎయిర్‌పోర్టులో బ్యాగు ‘చెక్’ చేస్తారా అని అడిగితే తెరిచి చూస్తారని కాదు, మీతో ఉంచుకోకుండా లగేజీలో వేస్తారా అని. గేటు దగ్గర చేతిబ్యాగును కూడా అలా తీసుకుంటామంటే పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే ఫారం), మందులు ముందే బయటకు తీసి పెట్టుకోండి.

ఇక్కడ ఇరానీ హోటల్లో చాయ్ తాగి బిల్లు అడుగుతాం. అక్కడ చెక్ అడుగుతారు. బిల్లు అన్నా అర్థమవుతుంది కానీ వాళ్లకు నోటు కూడా బిల్లే. సూపర్‌మార్కెట్లో ‘చెకవుట్’ అంటే డబ్బు కట్టే కౌంటర్, లైబ్రరీలో పుస్తకం ఇంటికి తీసుకెళ్లడం. ఫారంలో గడిని చెక్ చేయమంటే టిక్ పెట్టాలి. భోజనానికి పిలిస్తే ఎవరైనా ‘రెయిన్ చెక్’ అన్నారా, ఈసారికి కుదరదు, ఇంకోసారి వస్తానని. వానకు బేస్‌బాల్ మ్యాచ్ ఆగిపోతే మరో రోజు రావడానికి ఇచ్చే టికెట్టు అది.

ఆఫీసులో చెక్‌కు బదులు ఏ మాట వాడుతున్నారో చూడండి. ‘వెరిఫై’ అంటే నిజమో కాదో తేల్చాలి, ‘ఇన్‌స్పెక్ట్’ అంటే వస్తువు ఏ స్థితిలో ఉందో దగ్గరగా చూడాలి. మనకు అలవాటైన ‘చెక్ అండ్ రివర్ట్’ మాత్రం రాయొద్దు. అక్కడ రివర్ట్ అంటే జవాబివ్వడం కాదు, మునుపటి స్థితికి తీసుకెళ్లడం. సాఫ్ట్‌వేర్ టీములో అలా రాస్తే చేసిన మార్పును వెనక్కి తీసేయమన్నట్టు!

ఈ అర్థాలన్నిటికీ మూలం చదరంగంలో రాజుకు చెప్పే చెక్. పారసీలో రాజును షా అంటారు, ఆ మాటే మారుతూ వచ్చి చెక్ అయింది. 1591లో మన ఊరికి పునాది వేసిన కులీ కుతుబ్ షా పేరులో ఉన్నదీ ఆ షాయే. రాజును అడ్డుకోవడం నుంచి అదుపు చేయడం, సరిచూడడం వచ్చాయి. దొంగ కాగితాలను పట్టుకోవడానికి దాచుకునే కౌంటర్‌ఫాయిల్‌కు చెక్ అని పేరొచ్చి, అదే బ్యాంకు చెక్కయింది.

ఆ బ్యాంకు చెక్కు దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. తేదీలో నెల ముందు రాయాలి. జీతం కోసం ‘వాయిడెడ్ చెక్’ అడిగితే మన క్యాన్సిల్డ్ చెక్కే అనుకోండి, టెన్షన్ పడకండి. కానీ మీరు అమ్మే పాత మంచానికి ఎవరైనా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది తిరిగి పంపమంటే ఆగండి. నా రూమ్మేట్ అలాగే మోసపోయాడు. ఒకట్రెండు రోజుల్లో ఖాతాలో డబ్బు కనిపించినంత మాత్రాన చెక్కు నిజమైనదని కాదు. అది నకిలీ అని వారాల తర్వాత తేలవచ్చు. అప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని మీ ఖాతాలోంచే తీసుకుంటుంది, మీరు పంపిన డబ్బు తిరిగి రాదు. అలాంటి చెక్కు ఖాతాలో వేయకుండా నేరుగా బ్యాంకు బ్రాంచికి తీసుకెళ్లి చూపించండి.