తనంతట తనే ఆగే పైపు

మా హాల్లో ఉన్న అక్వేరియం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో గప్పీలు, నాలుగు మోలీలు. మొదట్లో నీళ్లు మార్చడానికి వారం వారం మామూలు పైపుతో బకెట్లోకి నీళ్లు వదిలేవాణ్ణి. ఓ ఆదివారం మధ్యలో అత్తయ్య ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చేసరికి హాలంతా నీళ్లు, తొట్టిలో నాలుగు వేళ్ల లోతు, మోలీలు పక్కకి వాలిపోయి ఉన్నాయి. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

అప్పుడు చేసుకున్నదే ఈ పైపు, కావలసినన్ని నీళ్లు దిగగానే తనే ఆగిపోతుంది. నా తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు కాబట్టి నీళ్లు ఒక సెంటీమీటర్ దిగితే 1.8 లీటర్లు పోయినట్టు. 7.5 సెంటీమీటర్లు దిగితే 13.5 లీటర్లు, అంటే పావు వంతు. 15 లీటర్ల బకెట్టు చాలు, పొంగదు.

అరంగుళం పీవీసీ పైపు ఒక మీటరు, రెండు ఎల్బోలు (మలుపు ముక్కలు), ఒక బాల్ వాల్వ్ (తిప్పి మూసేది) తెచ్చుకోండి. తొట్టి అంచు మీద తగిలించేలా గొడుగు పిడి ఆకారంలో అతికించాలి. లోపలి కాలు గులకరాళ్లకు రెండు వేళ్ల పైన ఆగాలి, మురికి ఉండేది అక్కడే. బయటి కాలు చివర వాల్వ్, దానికి బకెట్టు దాకా మెత్తటి పైపు. ఎల్బోలకు పీవీసీ అతికించే సొల్యూషన్ రాయడం మానకండి, వదులుగా ఉంటే గాలి లాగేసి ధార తెగిపోతుంది. రాశాక ఒక రోజు ఆరనిచ్చి కడగాలి.

ఇక అసలు సంగతి. లోపలి కాలికి, నిండు నీటి మట్టానికి సరిగ్గా 7.5 సెంటీమీటర్ల కింద, కాల్చిన మేకుతో ఒక బెజ్జం పెట్టండి. నీళ్లు అక్కడికి దిగగానే గాలి దూరి ధార ఆగిపోతుంది. చిన్నదైతే గాలి చాలదు. నాది మొదట అగ్గిపుల్ల మందం పెట్టి, తర్వాత కొంచెం వెడల్పు చేశాను.

ధార మొదలవడానికి నోటితో పీల్చొద్దు. వాల్వ్ తెరిచి, పైపును కాళ్లు పైకి ఉండేలా తిప్పి, బెజ్జం వేలితో మూసి, మగ్గుతో నింపండి. రెండు కాళ్లూ నిండాక వాల్వ్ కట్టేసి, లోపలి కాలు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి తొట్టిలో దించండి. వేళ్లు తీసి వాల్వ్ తిప్పితే సరి. అంతకుముందే ఫిల్టర్, హీటర్ స్విచ్ ఆపండి.

కొత్త నీళ్లకి ఇంత హంగామా అక్కర్లేదు. కుళాయి నీళ్లు, క్లోరిన్ పోవాలని, ముందురోజే వెడల్పు మూతి టబ్బులో పట్టి ఉంచుతాను. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు. తొట్టిలో ఒక సాసర్ పెట్టి దాని మీద మగ్గుతో మెల్లగా పోస్తే గులకరాళ్లు కదలవు.

ఫిల్టర్ స్పాంజిని బకెట్లోని పాత నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కడిగితే మంచి బాక్టీరియా చచ్చిపోతుంది. మిగిలిన నీళ్లు మా కరివేపాకు కుండీకి.